పెళ్లి కోసం మళ్లీ బాప్తిస్మం తీసుకోవాలా?

ప్రశ్న: మాది పుత్తూరు దగ్గర పల్లె. తాతల కాలం నుంచీ లూథరన్ సంఘం. నాకు మూడో నెలలోనే బాప్తిస్మం ఇప్పించారు, పదిహేనో ఏట కన్ఫర్మేషన్ (సంఘం ముందు నా నోటితో విశ్వాసం ఒప్పుకోవడం) అయింది. ఇప్పుడు తిరుపతిలో ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడే పరిచయమైన అబ్బాయితో పెళ్లి కుదిరింది. వాళ్లది ఒంగోలు వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు కుటుంబం. వాళ్ల పాస్టర్ గారు "చిలకరింపు బాప్తిస్మం బాప్తిస్మమే కాదు, నీళ్లలో మునిగితేనే చెల్లుతుంది, అది అయ్యాకే పెళ్లి" అంటున్నారు. కాబోయే అత్తగారిదీ అదే మాట. మా అవ్వకు సంగతి తెలిసి, "నిన్ను ఎత్తుకోని గుడిలో నిలబడింది నేనే కదా పాపా, అదంతా ఉత్తదేనా?" అని ఒకటే ఏడుపు. అబ్బాయేమో "మీ ఇంట్లో చెప్పకుండా ఒక శనివారం పొద్దున పోయి తొట్టిలో మునిగి వచ్చేద్దాం, ఫార్మాలిటీయే కదా" అంటున్నాడు. పైగా నాకు ఒక చెవిలో కర్ణభేరికి చిల్లు ఉంది, నీళ్లు పోకూడదని డాక్టర్ చెప్పారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. అసలు మొదటి నుంచీ క్రైస్తవులు మునిగే తీసుకున్నారా? చిలకరించడం తరవాత వచ్చిందా? నేనేం చేయాలి?
ఒక సోదరి, తిరుపతి

జవాబు:

చెల్లీ, శనివారం పొద్దున ఇంట్లో చెప్పకుండా వెళ్లి మునిగి వచ్చే పని మాత్రం చేయకండి. మిగతాదంతా నిదానంగా మాట్లాడుకోవచ్చు, ఈ ఒక్కటీ ముందే చెప్పాలనిపించింది. నా సంగతి కూడా దాచను. నేను ఊహ తెలిశాక, నేనే అడిగి నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నదాన్ని. ఆది సంఘం పద్ధతికి అదే దగ్గర అని నమ్ముతాను. అబ్బాయి వాళ్ల పాస్టర్ గారి నమ్మకంలో చాలాభాగం నా నమ్మకమే. అందుకే దాన్ని ఫార్మాలిటీ కింద కట్టి, పెళ్లి పనుల జాబితాలో ఒకటిగా కొట్టేస్తామంటే నాకు బాధగా ఉంది.

మొదటి నుంచీ మునిగే తీసుకున్నారా అని అడిగారు. చాలావరకు అవును. యేసు కాలానికి యూదులకు శుద్ధి స్నానం అంటే ఒళ్లంతా నీళ్లలో మునగడమే. యెరూషలేములో దేవాలయం దక్షిణపు గోడ పక్కన తవ్వితే, మెట్లు దిగి మునిగే గచ్చు తొట్లు ఎన్నో బయటపడ్డాయి. యోహాను యొర్దాను నదిలో బాప్తిస్మం ఇచ్చాడు. సలీము దగ్గర ఐనోనులో ఎందుకు ఇచ్చాడంటే అక్కడ నీళ్లు విస్తారంగా ఉన్నాయి కాబట్టి అని సువార్తే చెబుతుంది. ఫిలిప్పు, ఐతియొపీయుడు ఇద్దరూ నీళ్లలోకి దిగారు. రోమా పత్రిక 6వ అధ్యాయంలో పౌలు బాప్తిస్మం గురించి రాస్తూ, క్రీస్తుతో పాటు పాతిపెట్టబడ్డాం, ఆయనతో పాటు కొత్త జీవంలో నడుస్తాం అంటాడు. ఆ పాతిపెట్టడం, లేవడం కంటికి కనబడేది మునకలోనే. ఈ మాటలో ఆ పాస్టర్ గారితో నాకు పేచీ లేదు.

తరవాతి వందల ఏళ్లలోనూ అంతే. 4వ శతాబ్దంలో యెరూషలేము బిషప్‌గా ఉన్న సిరిల్ పేరు మీద కొన్ని ప్రసంగాలు మిగిలాయి. మూడుసార్లు మునిగి లేవడం క్రీస్తు సమాధిలో ఉన్న మూడు రోజులకు గుర్తని వాటిలో ఉంది. 387 ఈస్టరు రాత్రి మిలాన్‌లో అక్కడి బిషప్ ఆంబ్రోసు చేతుల మీదుగా, తరవాత గొప్ప వేదపండితుడైన అగస్టీను బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ ఎనిమిది మూలల తొట్టి ఆనవాళ్లు ఇవాళ్టికీ అక్కడి పెద్ద చర్చి కింద కనిపిస్తాయి. నీళ్లలోంచి లేచినవాళ్లకు తెల్లబట్టలు కట్టించేవాళ్లు. మన బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం రోజున తెల్లబట్టలు వేసుకోవడం చూసినప్పుడల్లా నాకు ఆ పాత విశ్వాసులే గుర్తుకొస్తారు.

అయితే మునకే పద్ధతిగా ఉన్న ఆ రోజుల్లోనే, మునగడానికి వీల్లేనివాళ్లకు ఇంకో దారి కూడా ఉండేది. 'దిదాఖే' అని ఒక చిన్న పాత పుస్తకం ఉంది. 1వ శతాబ్దం చివరికో 2వ శతాబ్దం మొదటికో చెందినదని పండితుల లెక్క. శతాబ్దాల పాటు కనబడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికింది. బాప్తిస్మం పారే నీళ్లలో ఇవ్వమంటుంది. పారే నీళ్లు లేకపోతే వేరే నీళ్లలో, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లలో, రెండూ లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు నీళ్లు పోయమంటుంది. అపొస్తలుల శిష్యులు ఇంకా బతికున్న రోజుల మాట ఇది. మన స్వర్ణముఖి సంగతి మీకు తెలుసు, ఏడాదిలో చాలా నెలలు ఇసకే. అలాంటి ఊళ్లు పాలస్తీనా, సిరియాల్లోనూ ఉన్నాయి. ఆ సంఘ పెద్దలు నీళ్లు లేని చోట బాప్తిస్మం ఆపలేదు.

సిరియాలో యూఫ్రటీసు నది ఒడ్డున దూరా యూరోపోస్ అనే ఊళ్లో ఇంకో సాక్ష్యం ఉంది. అక్కడి విశ్వాసులు 240 ప్రాంతంలో ఒక మామూలు ఇంటినే ఆరాధనకు మార్చుకున్నారు. అందులో ఒక గది బాప్తిస్మానికే. తొట్టి లోతు దాదాపు ఒక మీటరు. అందులో మోకాళ్ల మీద కూర్చుని వంగితే మునగొచ్చు, నిలబడితే నెత్తిన నీళ్లు పోయించుకోవాలి. ఏది జరిగిందో పండితులు ఇప్పటికీ రెండు రకాలుగానూ చెబుతారు. ఇలాంటి వాదాల్లో కొందరు ఇటలీలోని రవెన్నా బొమ్మ కూడా చూపిస్తుంటారు. యేసు నడుము లోతు నీళ్లలో నిలబడి ఉంటే యోహాను గిన్నెతో ఆయన తల మీద పోస్తున్న బొమ్మ. 5వ శతాబ్దపు బొమ్మే కానీ ఆ గిన్నె ఉన్న భాగం 19వ శతాబ్దంలో బాగుచేసినప్పుడు చేరింది. ఎవరైనా మీకు ఆ బొమ్మ పంపిస్తే దాన్ని రుజువుగా తీసుకోకండి.

మీ చెవి సంగతి చదవగానే నాకు సిప్రియాను ఉత్తరం గుర్తొచ్చింది. ఈయన 3వ శతాబ్దం నడుమ ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజుకు బిషప్. జబ్బుతో మంచం పట్టి, మునగలేక తల మీద నీళ్లు పోయించుకున్నవాళ్లు సరైన క్రైస్తవులేనా అని మాగ్నస్ అనే ఆయన అడిగాడు. అవసరం వచ్చినప్పుడు అలా తీసుకున్నా దేవుని కృపలో కొరతేమీ ఉండదని సిప్రియాను జవాబు రాశాడు. అలా తీసుకున్నవాళ్లను చిన్నచూపు చూసినవాళ్లు ఆ కాలంలోనూ ఉన్నారు. అందుకే ఆ ప్రశ్న పుట్టింది.

మరి పడమటి దేశాల్లో మునక ఎలా తగ్గింది? ఒక్కరోజులో కాదు. పసిబిడ్డల బాప్తిస్మమే మామూలైపోయింది, బలహీనంగా పుట్టిన బిడ్డలకు ఇంట్లోనే హడావిడిగా ఇవ్వాల్సి వచ్చేది, చలి దేశాల్లో రాతి తొట్టి నీళ్లు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు. 13వ శతాబ్దంలో కూడా వేదపండితుడు థామస్ అక్వినాసు మునకే ఎక్కువ వాడుకలో ఉందని రాశాడు, పోయడమూ చెల్లుతుందన్నాడు. 1311లో రవెన్నా సభ రెండింటినీ సమానంగా ఒప్పుకుంది. మీ లూథరన్ సంఘానికి మూలపురుషుడైన లూథర్ సంగతి ఆ పాస్టర్ గారికి చెబితే సంతోషిస్తారు. ఆయన 1519, 1520ల్లో రాసిన రాతల్లో, ఒళ్లంతా నీళ్లలో ముంచడమే బాప్తిస్మం అర్థానికి తగినదన్నాడు. అలాగని పోసిన బాప్తిస్మాన్ని కొట్టివేయలేదు. 1662 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకం కూడా బిడ్డ తట్టుకోగలదంటే జాగ్రత్తగా ముంచమని, బలహీనంగా ఉంటే పోస్తే చాలని అంటుంది. తూర్పు ఆర్థొడాక్సు సంఘాలైతే ఇవాళ్టికీ పసిబిడ్డల్నే మూడుసార్లు నీళ్లలో ముంచి తీస్తాయి.

ఆ చివరి మాట దగ్గర కొంచెం ఆగండి. మీ దగ్గర రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. నీళ్లు ఎన్ని అన్నది ఒకటి. తీసుకునే మనిషికి నమ్మే వయసు ఉందా అన్నది రెండోది. ఆర్థొడాక్సువాళ్లు ముంచుతారు, కానీ పసిబిడ్డల్ని. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొన్రాడ్ గ్రేబెల్, జార్జ్ బ్లౌరాక్‌కు పెద్దయ్యాక నమ్మకంతో తీసుకునే బాప్తిస్మం ఇచ్చాడు. చరిత్ర తిప్పిన ఆ బాప్తిస్మం నీళ్లు పోసి ఇచ్చిందే, ముంచలేదు. ఇంగ్లీషు బాప్టిస్టుల మొదటి నాయకుడు జాన్ స్మిత్ 1609లో ఆంస్టర్‌డాంలో తీసుకున్నదీ పోసుకున్న బాప్తిస్మమే. లండన్ బాప్టిస్టులు మునక వైపు తిరిగింది 1641 ప్రాంతంలో, దాన్ని విశ్వాస ప్రకటనలో రాసుకున్నది 1644లో. అంటే బాప్టిస్టులకు కూడా ముందు పట్టుకున్నది విశ్వాసం సంగతి. నీళ్ల లోతు తరవాత వచ్చింది.

నన్నడిగితే ఆ పాస్టర్ గారి అసలు అభ్యంతరం ఈ రెండోదే. మిమ్మల్ని మూడో నెలలో తొట్టిలో నిలువునా ముంచి ఉన్నా ఆయన ఒప్పుకునేవారు కాదు. పసిబిడ్డల బాప్తిస్మం మీద వాదం కూడా పాతదే. 200 ప్రాంతంలో తెర్తుల్లియను అనే కార్తేజు రచయిత చిన్నపిల్లలకు ఆపమని రాశాడు. ఆపమన్నాడంటే అప్పటికే ఇస్తున్నారన్నమాట. హిప్పొలితు పేరు మీద ఉన్న పాత సంఘ నియమాల్లో, ముందు పిల్లలకు ఇవ్వాలని, మాటలు రాని బిడ్డల తరఫున తల్లిదండ్రులు జవాబు చెప్పాలని ఉంది. ఫిలిప్పీలో చెరసాల నాయకుడు ఇంటివాళ్లందరితో తీసుకున్నాడని అపొస్తలుల కార్యాల్లో చదువుతాం. ఆ ఇంట్లో చంటిబిడ్డలున్నారో లేదో అక్కడ రాయలేదు. నేను పెద్దయ్యాక తీసుకోవడం వైపే మొగ్గుతాను. అయినా అటువైపు ఉన్నవాళ్లను బైబిలు తెలియనివాళ్లుగా చూడటం నాకు చేతకాదు.

ఒకసారి ఇచ్చింది చెల్లదని మళ్లీ ఇవ్వొచ్చా అన్నదాని మీదా సంఘం గట్టిగా పోట్లాడుకుంది. సంఘాన్ని విడిచివెళ్లినవాళ్ల చేతి బాప్తిస్మం చెల్లదని 256లో కార్తేజులో సిప్రియాను, ఆయనతో కూడిన బిషప్పులు తీర్మానించారు. రోము బిషప్ స్తెఫను ఒప్పుకోలేదు. 314లో ఇప్పటి ఫ్రాన్సులోని ఆర్ల్‌లో కూడిన బిషప్పుల సభ త్రియేక దేవుని నామంలో ఇచ్చింది చెల్లుతుందనే వైపు మొగ్గింది, పడమటి సంఘమంతా ఆ దారినే నడిచింది. 591లో స్పెయిన్ నుంచి ఒకసారి ముంచాలా మూడుసార్లా అని అడిగితే, విశ్వాసం ఒక్కటే అయినప్పుడు ఆచారం వేరైనా సంఘానికి నష్టం లేదని పోపు గ్రెగరీ రాశాడు. 1982లో పెరూ దేశంలోని లీమాలో ప్రపంచ సంఘాల మండలి తరఫున కూర్చున్న వేదపండితులు కూడా బాప్తిస్మం మళ్లీ మళ్లీ ఇచ్చేది కాదని రాశారు. బాప్టిస్టుల్లోనే జాన్ బన్యన్, అదే 'యాత్రికుని ప్రయాణం' రాసినాయన, నీటి బాప్తిస్మం మీద అభిప్రాయ భేదం ప్రభు బల్లకు అడ్డు కాకూడదని 1673లో ఒక పుస్తకమే రాశాడు. 1970లో ఉత్తర భారత సంఘం ఏర్పడినప్పుడు బాప్టిస్టులూ, పసిబిడ్డలకు ఇచ్చేవాళ్లూ ఒకే సంఘంలో చేరారు, రెండు పద్ధతులూ నడుస్తున్నాయి. ఆ పాస్టర్ గారి సంఘం నియమం వేరు కావచ్చు. ఆ నియమం పెట్టుకునే హక్కు వాళ్లకు ఉంది. అది ఆ సంఘ సభ్యత్వానికి నియమం. మీరు క్రైస్తవురాలా కాదా అని తేల్చే తీర్పు అవదు.

మీ అబ్బాయి వాళ్లది ఒంగోలు వైపు అన్నారు కాబట్టి ఇది ఆ ఇంట్లో వాళ్లతోనే మాట్లాడండి. 1876-78 కరువులో ఒంగోలులో ఉన్న అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వస్తూనే ఉన్నారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కూడు కోసం వస్తున్నారో దేవుని కోసం వస్తున్నారో తెలియాలని ఆపాడు. పనులు ముగిసి సాయం ఆగిపోయాక కూడా వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ విచారించి, 1878 జులై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. తెలుగు బోధకులు ఆరుగురు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసినవాళ్లు తప్పుకుంటే ఇంకొకరు దిగుతూ. తెలుగు బాప్టిస్టులందరూ గర్వంగా చెప్పుకునే రోజు అది. ఆకలితో ఉన్నవాళ్లకే ఆగమన్న మనిషి, పెళ్లి ముహూర్తం కోసం మునగమంటాడా? ఈ ప్రశ్న ఆ పాస్టర్ గారిని వినయంగా అడగండి. ఆ చరిత్ర తెలిసిన మనిషైతే తప్పక ఆలోచిస్తారు.

పాస్టర్ గారి దగ్గరికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. అత్తగారి మాటలు మీ వరకు మోసుకొచ్చి ఊరుకుంటే కుదరదు, ఆ అబ్బాయి అక్కడ నోరు విప్పి మాట్లాడాలి. కన్ఫర్మేషన్ రోజు సంఘం ముందు మీ నోటితో మీరు విశ్వాసం ఒప్పుకున్నారు కదా, దాన్ని వాళ్లు ఎలా చూస్తారో అడగండి. సభ్యత్వం లేకుండా పెళ్లి జరిపిస్తారా అని అడగండి. చట్టం వైపు నుంచి మీకు అడ్డేమీ లేదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా చాలు, బాప్తిస్మం ఎలా జరిగిందని అడగదు. ఆయన కాదంటే మీ ఊరి లూథరన్ గుడిలోనే పెళ్లి పెట్టుకోండి. ఆడపిల్ల వాళ్ల గుడిలో పెళ్లి జరగడం మనలో కొత్తేమీ కాదు. పెళ్లయ్యాక అబ్బాయితో పాటు వాళ్ల ఆరాధనకు వెళ్లండి, వాక్యం వినండి, ఏడాదో రెండేళ్లో పట్టనివ్వండి.

ఆ తరవాత మీకే "నేను నమ్మి తీసుకోవాలి" అని మనసులో గట్టిగా అనిపిస్తే, అప్పుడు తీసుకోండి, నేను సంతోషిస్తాను. మీ నాయనకు, అవ్వకు ముందే చెప్పి, రమ్మని పిలిచి, పట్టపగలు తీసుకోండి. 1527లో జ్యూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్‌ను చేతులు కట్టేసి లిమ్మట్ నదిలో ముంచి చంపారు, పెద్దయ్యాక తీసుకునే బాప్తిస్మాన్ని వదలనన్నందుకు. ప్రాణాలు పెట్టి నిలబెట్టిన దాన్ని దొంగచాటుగా తీసుకుంటే వాళ్లకు మర్యాద కాదు. ఒకవేళ ఆ నమ్మకం మీకు ఎప్పటికీ రాకపోతే తీసుకోవద్దు. అత్తగారి ముఖం చూసి అసలే వద్దు.

అవ్వ దగ్గరికి ఈ వారమే వెళ్లండి, ఫోన్‌లో తేలే మాట కాదు. ఆమె అడిగినదానికి నా జవాబు: ఉత్తది కాదు. 1865లో జర్మనీ నుంచి హెర్మన్స్‌బర్గ్ మిషన్‌వాళ్లు మన వైపు పని మొదలుపెట్టినప్పటి నుంచి తరతరాలుగా తల్లులూ అవ్వలూ అలాగే బిడ్డల్ని ఎత్తుకుని నిలబడ్డారు. కన్ఫర్మేషన్ క్లాసులో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి బట్టీ పట్టించి ఉంటారు కదా. ఈ పని చేసేది ఉత్త నీళ్లు కావు, నీళ్లతో కూడిన దేవుని వాక్యం అని అందులో ఉంది. అది అవ్వకు మీ నోటితో చదివి వినిపించండి. మిమ్మల్ని దేవుడి చేతిలో పెట్టిందీ, ప్రార్థన నేర్పిందీ ఆవిడ. రేపు మీరు ఏ నిర్ణయం తీసుకున్నా, ఆ పునాది మీదే నిలబడి తీసుకుంటున్నానని చెప్పండి.

చెవి విషయం తేలిగ్గా తీసుకోకండి. చిల్లున్న చెవిలోకి నీళ్లు పోతే చీము పట్టే ప్రమాదం ఉంది. ఉత్త దూది నీళ్లు పీల్చుకుంటుంది, అది సరిపోదు. ఎప్పుడైనా మునగాలనుకుంటే ముందు చెవి డాక్టరుకు చూపించి, చెవికి సరిపోయే ప్లగ్ పెట్టించుకోవాలో, ముందు ఆపరేషన్‌తో చిల్లు మూయించుకోవాలో అడగండి. ఏటి నీళ్లు వద్దు, ఆ రోజే నింపిన శుభ్రమైన తొట్టి నీళ్లు మేలు. డాక్టర్ వద్దంటే ఆ మాట పాస్టర్ గారికి చెప్పండి, సిప్రియాను ఉత్తరం సంగతీ చెప్పండి.

ఇంకొకటి మీరు అడగలేదు కానీ రేపు మీ ఇంట్లో తప్పకుండా వస్తుంది. మీకు బిడ్డ పుడితే మీ అవ్వ బాప్తిస్మం ఎప్పుడంటుంది, మీ అత్తగారు శిశు ప్రతిష్ఠ (బిడ్డను ప్రార్థనతో దేవునికి అప్పగించడం) చాలు, పెద్దయ్యాక వాళ్లే తీసుకుంటారంటారు. ఇద్దరూ ప్రేమతోనే అంటారు, నలిగేది మీరిద్దరు. ఏ సంఘంలో పెంచుతారు, బిడ్డకు ఏది చేయిస్తారు, ఆ రోజు రెండు వైపుల పెద్దలకు ఎవరు చెబుతారు, ఇవన్నీ లగ్నపత్రిక రాసుకోకముందే మీరూ ఆ అబ్బాయీ కూర్చుని తేల్చుకోండి. దీన్ని కూడా ఆయన "ఫార్మాలిటీయే కదా" అని కొట్టిపారేస్తే, పెళ్లి తేదీ కొన్నాళ్లు వెనక్కి జరపండి.